మోర్టార్ మనుషులకు వీపులు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట ఇటు లాక్కుని, గోడకు ఆనుకోండి. చేతిలో పని ఏదైనా ఉంటే చేసుకుంటూనే వినండి, నేనేమీ అనుకోను. పని చేస్తూ వినే వాళ్ళకు చెప్పడమే నాకూ అలవాటు.

మాది ధూల్‌పేట్. వినాయకులను చేసే ఇల్లు. మా మామ చేశాడు, ఇప్పుడు మా ఆయన చేస్తున్నాడు. నేను కాపురానికి వచ్చిన ఏడాది వేళ్ళు, చెవులు, ఎలుకలు నా వంతుకు వచ్చాయి. ఎలుకలు చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకని కొత్త కోడలికి ఇస్తారు. నాలో కొత్తదనం ఎప్పుడో పోయింది గానీ ఎలుకలు మాత్రం నన్ను వదలలేదు.

నిమజ్జనం అయిపోయాక మా కార్ఖానా పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిరిలా ఉంటుంది. నేలంతా రంగు మరకలు, మూలన అమ్ముడుపోని రెండు మూడు బొమ్మలు, మధ్యలో మంచం వేసుకుని పడుకున్న మా ఆయన. అలాంటి ఒక మధ్యాహ్నం ఫౌజీ సాబ్ వచ్చాడు. ఆయనది కిషన్‌బాగ్. మిలటరీలో చాలా ఏళ్ళు చేసి ఇంటికి వచ్చి పింఛను మీద ఉంటున్నాడు. తెల్ల గడ్డం, ఇస్త్రీ మడత చెదరని కుర్తా. కుడి చెవి వినిపించదు కాబట్టి ఆయనతో మాట్లాడాలంటే ఎడమ పక్క కూర్చోవాలి. అప్పటికే ముఖ పరిచయం ఉంది. వాళ్ళ గల్లీ పిల్లలు చందాలు వేసుకుని మా దగ్గర గణపతిని కొన్నప్పుడు బేరం ఆడటానికి ఆయన్నే తెచ్చుకునేవాళ్ళు.

"భాయ్, మనుషులను చేస్తవా?" అని అడిగాడు.

మా ఆయన లేచి కూర్చున్నాడు. "దేవుళ్ళను చేస్తం సాబ్. మనుషులను ఎవరు తీస్కపోతరు?"

"నేను తీస్కపోత. ముగ్గురిని చెయ్యి. బెత్తెడంత ఉంటే చాలు. ముగ్గురి నడుమ ఒక మోర్టార్."

మోర్టార్ అంటే ఏమిటో మాకు తెలియదు. మా అత్త బియ్యం ఏరుతూ చేట పక్కన పెట్టింది. కొత్త సంగతి వినేటప్పుడు ఆమె బియ్యం ఏరదు, రాయి తప్పిపోతుందని. ఫౌజీ సాబ్ నా దగ్గర ఒక పళ్ళెం, ఒక పొడుగాటి స్టీలు గ్లాసు, రెండు గరిటెలు అడిగి తీసుకున్నాడు. పళ్ళెంలో గ్లాసును వాలుగా నిలబెట్టి, గరిటెలను దాని కాళ్ళలా ముందు ఆనించాడు.

"గిది గొట్టం. గీ పళ్ళెం భూమిల కూసుంటది. మూతికెల్లి గోలాను లోపటికి జారిడుస్తం. అడుక్కు పోయి తగులుతది, ఎంబడే మీదికి లేస్తది. గుట్ట అవతల పడ్తది."

"మీదికెల్లి ఏస్తే మీదికే వస్తదా?" అంది మా అత్త.

"హౌ అమ్మా."

"మరి లోపటికి ఏసుడెందుకు?"

ఫౌజీ సాబ్ కొంచెం ఆలోచించాడు. "ఫౌజ్‌ల ఎందుకు అని అడగరాదు అమ్మా" అన్నాడు.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఆ గొట్టాన్ని వాళ్ళు తోప్ అనేవాళ్ళు. దాని దగ్గర ఈయన, ఇంకో ఇద్దరు కలిసి ఏళ్ళకు ఏళ్ళు పని చేశారట. ఈయన గొట్టానికి ఎడమ పక్క మోకాలి మీద కూర్చుని, దుర్బీన్ లాంటి దానిలో కన్ను పెట్టి గురి చూసేవాడు. ఒకాయన కుడి పక్క నిలబడి గోలాను, అంటే పేలే గుండును, జారవిడిచేవాడు. మూడో ఆయన వెనక ఉండి గోలాలు అందించేవాడు. జారవిడిచే ఆయన పింఛను తీసుకుంటూ ఇంట్లోనే గుండె ఆగి పోయాడు. అందించే ఆయన మెదక్ అవతల పల్లెలో ఉన్నాడు. షుగర్ వచ్చి ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానిలో మిగిలింది కూడా ఆగేది కాదని డాక్టర్లు చెప్పారట.

"మొన్న ఫోన్ చేసిండు. యార్, మనం ముగ్గురం తోప్ కాడ ఉన్నట్టు ఒక్కపారి సూడాలె అన్నడు. నా కాడ ఫోటోలున్నయ్. అన్నిట్ల లైన్‌ల నిలబడి ఛాతీలు ఇరిసినం, పెండ్లిల తీసినట్టు. పని చేసేటప్పుడు ఫోటో ఎవడు తీస్తడు? ఎవని చేతులు ఖాళీ లేకుండె." కుర్తా మడత సర్దుకుని మళ్ళీ అన్నాడు. "కంటి దవాఖానకు వస్తున్నడు. నా ఇంట్లనే ఉంటడు. ఆయన సూసేది ఒక్కపారే భాయ్. గలత్ చేసినవంటే గలత్‌దే ఆయన కండ్లల్ల మిగుల్తది. గదే నా ఫికర్."

మా ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "గణపతిని చేసిన చేతులు సాబ్" అన్నాడు. చిక్కంతా ఆ చేతులతోనే వచ్చింది.

బెత్తెడు బొమ్మ ముఖానికి మా దగ్గర ఉన్న సాంచా ఒక్కటే. సాంచా అంటే అచ్చు. అది చిన్న కృష్ణుడిది. ముగ్గురికీ అదే ముఖం వచ్చింది. కళ్ళు చెవుల దాకా ఉన్నాయి, పెదాలు నవ్వుతున్నాయి. ముగ్గురినీ గొట్టానికి వీపు చేసి, చూసేవాళ్ళ వైపు నిలబెట్టాడు మా ఆయన. దర్శనం ముందు నుంచే కదా. వేళ్ళు నేను చేశాను, నాకు వచ్చినట్టే సన్నగా, కొసలు కొంచెం వంచి. పొట్టలు కొద్దిగా ముందుకు వచ్చాయి. అవి ఎవరు పెట్టారో తెలియదు, మా ఇంట్లో పొట్టలు వాటంతట అవే వస్తాయి. గొట్టం నల్లగా బోసిగా ఉందని మా ఆయన దాని మీద కాస్త చమ్కీ చల్లాడు.

ఫౌజీ సాబ్ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, బొమ్మల ముందు వంగి చాలాసేపు చూశాడు.

"గీయన ఎవరు?"

"మీరే సాబ్."

"నేను గిట్ల నవ్వుతున్ననా?"

"సాంచా గట్లనే ఉన్నది సాబ్."

"ఇంతింత కండ్లుంటే సర్కార్ మాకు దుర్బీన్ ఎందుకిస్తది?" వేలితో ఇంకో బొమ్మను చూపించాడు. "ఈయన చెయ్యి మీదికి ఎందుకు లేపిండు?"

మా ఆయన తల గోక్కున్నాడు. ఆ చెయ్యి ఆయన ఆలోచించి పెట్టింది కాదు, అలవాటుగా పడిపోయింది. "ఆశీర్వాదం సాబ్."

"దుష్మన్‌కా?"

నాకు నవ్వు వచ్చింది గానీ ఎలుకల వైపు తిరిగి ఆపుకున్నాను.

ఫౌజీ సాబ్ కోప్పడలేదు. కుర్తా చేతులు పైకి మడిచి మా వాకిట్లోకి దిగాడు. "సూడుండ్రి. ఒక్కపారి చూపెడ్త" అని నీళ్ళ డ్రమ్ముకు ఆనించి వాలుగా రోకలిని నిలబెట్టించాడు. తాను ఎడమ పక్క మోకాలి మీద కూర్చున్నాడు. కూర్చోవడం బాగానే కూర్చున్నాడు, లేవడానికి తర్వాత ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. మా ఆయనను కుడి పక్క నిలబెట్టాడు. గోలాలకు కీరకాయలు తెమ్మన్నాడు. అవి అందించే పనికి మా అత్త ఎవరూ అడగకముందే వెనకకు వెళ్ళి నిలబడింది.

"రెండు చేతులతోటి పట్టుకో. మూతి మీద పెట్టు. ఇడువు! చేతులు కిందికి, కిందికి! నీ తలకాయ మూతి మీద పెట్టినవు భాయ్, మర్ గయా నువ్వు."

మా ఆయన నాలుగైదుసార్లు చచ్చిపోయాక కుదిరింది. గోలా వదలగానే చేతులు గొట్టం వెంట కిందికి జారిపోవాలి, నడుం వంగిపోవాలి, తల గొట్టం మూతి కన్నా కిందికి, అవతలి పక్కకు తిరిగిపోవాలి. మిగిలిన వాళ్ళు చెవులు మూసుకోవాలి. నోళ్ళు మాత్రం తెరిచి ఉండాలి.

"నోరు తెరుచుకున్న బొమ్మను ఇంట్ల పెట్టరాదు" అంది మా అత్త, చేతిలో కీరకాయతో.

"నోరు మూస్తే చెవులు పగుల్తయి అమ్మా."

"మీకు ఒకటి పొయ్యింది గద?"

"ఒక్కపారి మూసిన" అన్నాడు ఫౌజీ సాబ్.

పక్కింటి గోడ మీద నుంచి చూస్తున్న వాళ్ళు, ఇక్కడ ఏం నేర్పిస్తున్నారని అడిగారు. వినాయకుడి కొత్త మోడల్ అని చెప్పాను. ఈసారి మన మండపంలో కూడా మిలటరీ గణపతిని పెడదామని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం వినిపించింది.

రెండోసారి సాంచా వాడలేదు. తీగ వంచి, దాని మీద జనపనార కలిపిన మట్టి పెట్టి చేశాడు మా ఆయన. ముఖాలు ఒక్కొక్కటీ పుల్లతో చెక్కాడు. ఫౌజీ సాబ్ పాత ఫోటో పట్టుకుని పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. చచ్చిపోయిన ఆయనకు దవడ వెడల్పు, ముక్కు మీద చిన్న గంటు. నేను వేళ్ళు పొట్టిగా, లావుగా, గోళ్ళలో మట్టి ఉన్నట్టు చేశాను. సొట్టకాలి ఎలుకను చేసినప్పుడు కూడా నాకంత కష్టం అనిపించలేదు. గోలాలు దొండకాయల ఆకారంలో, తోక దగ్గర చిన్న రెక్కలతో. పళ్ళెం లాంటి చదరపు రేకు మట్టిలోకి సగం దిగిపోయి ఉండాలన్నాడు, దింపాం. బూట్ల మీద దుమ్ము వేయమన్నాడు, వేశాం. నోళ్ళు తెరిచాం. అత్త ఆ పూట గుడికి వెళ్ళి వచ్చింది.

బల్ల మీద పెట్టి ముందు నుంచి చూసి, ఫౌజీ సాబ్ జేబు రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నాడు. "ఇగ గీళ్ళు మేమే" అన్నాడు. రంగు మాత్రం ఆయన దోస్త్ చూశాక వేద్దామనుకున్నాం, ఏదైనా మార్చమంటే మట్టి మీదైతే మార్చవచ్చని.

దోస్త్ వచ్చాడని కబురు రాగానే కిషన్‌బాగ్ వెళ్ళాం. మా ఆయన స్కూటర్ నడుపుతుంటే నేను వెనక బొమ్మల చెక్కను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దారిలో వేళ్ళు విరిగితే అతికించడానికి తడిగుడ్డలో మట్టి ముద్ద కూడా తీసుకున్నాను. బొమ్మ మోసేటప్పుడు ముద్ద లేకుండా మా ఇంట్లో ఎవరూ గడప దాటరు.

కిటికీ దగ్గర కుర్చీలో ఆ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పంచె, తెల్ల బనీను, మెడలో తువ్వాలు. పక్కనే కింద చాప మీద ఆయన భార్య దవాఖాన మందులను డబ్బాలో సర్దుతోంది. ఫౌజీ సాబ్ మా చేతిలోంచి చెక్కను అందుకుని, వెలుతురు పడేలా తానే పట్టుకుని నిలబడ్డాడు. చెక్క కదలకుండా మోచేతులను పొట్టకు ఆనించుకున్నాడు.

పెద్దాయన మిగిలిన కన్నును బొమ్మలకు తాకేంత దగ్గరగా పెట్టి చూశాడు. ఒక్కొక్క ముఖం దగ్గర ఆగాడు.

"మంచిగున్నయ్" అన్నాడు.

వియ్యపురాలి వంటను మెచ్చుకునే గొంతు అది. ఫౌజీ సాబ్ నా వైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను.

"మంచిగున్నయ్ అంటే ఏందిరా? మనమేనా కాదా?"

"మనమేరా. మొకాలు అవే. మస్తు కష్టపడ్డరు." అంటూ ఆయన చెక్కను మెల్లగా అవతలి వైపుకు తిప్పించాడు. కన్ను పెట్టి చూశాడు. కనిపించలేదేమో, వేళ్ళు పెట్టాడు. బొటనవేలు ఒక బొమ్మ మెడ దగ్గర నుంచి నడుం దాకా జారింది. మళ్ళీ పైకి వెళ్ళి, మళ్ళీ జారింది.

"వీళ్ళకు ఈపులు ఏవి?"

నిజమే. వీపులు లేవు. మా పనిలో వీపు అనేది ఉండదు. గణపతి మండపంలో గుడ్డ పరదాకు ఆనుకుని కూర్చుంటాడు, వెనక్కి పూజారి కూడా వెళ్ళడు. అందుకని వెనక చదునుగా చేత్తో రాసేసి, కర్ర పోటు పెట్టి వదిలేస్తాం. మామ అలాగే చేశాడు, మేమూ అంతే. ఆ ముగ్గురికీ కూడా వెనక తలుపు చెక్కలా చదునుగా వదిలేశాం. చెడగొట్టామని మాకు తోచనే లేదు. పక్కనే కూర్చుని ముక్కు మీద గంటు దాకా చెప్పిన ఫౌజీ సాబ్‌కు కూడా తోచలేదు.

"ఎనుక ఎవరు సూస్తరు బాపూ?" అన్నాడు మా ఆయన, మండపం వాళ్ళకు చెప్పే అలవాటుతో.

"నేను సూసిన" అన్నాడు పెద్దాయన. "గోలాలు అందిచ్చేటోన్ని. ఎనుకనే ఉంటి గద. వీళ్ళ మొకాలు చాయ్ కాడ సూసిన, రొట్టెల కాడ సూసిన. తోప్ కాడ నాకు ఎప్పుడు ఈపులే."

ఫౌజీ సాబ్ చెక్కను బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. "నాకు ఎరుక లేదురా. నేను దుర్బీన్‌ల కన్ను పెట్టుకుంటి. వాని ఈపు ఎట్లుంటుండెనో నేనేం చెప్త?"

నేను తడిగుడ్డ విప్పాను. ఎండిన మట్టికి పచ్చి మట్టి అంత తొందరగా అంటదు. గిన్నెలో నీళ్ళు అడిగి, ముగ్గురి వెనకా గీతలు గీసి, తడిపి, పలచగా మట్టి పట్టించాను. "బాపూ, మీరు చెప్పుండ్రి, నేను చేస్త" అన్నాను.

"నాకు చెప్పరాదు బిడ్డా, చేతికి తెలుస్తది" అని ఆయన చెయ్యి చాచాడు. నేను ఒక్కో బొమ్మను చెక్క మీద నుంచి తీసి పట్టుకున్నాను, ఆయన బొటనవేలితో వీపు పెట్టాడు.

చచ్చిపోయిన ఆయన వీపు మొదట చేశాడు. వెడల్పు వీపు. గోలా వదిలినప్పుడు కుడి భుజం ముందు దిగేదట, ఎడమది తర్వాత. చొక్కా ఒక పక్కే బెల్ట్‌లోంచి బయటికి వచ్చి ఉండేదట. "ఎన్నిపార్లు లోపట పెట్టుకున్నా గా పక్కకే ఎల్తుండె" అంటూ గోటితో ఆ అంచు లేపాడు. మెడ కింద రెండు మడతలు పెట్టాడు. పెట్టి, వేలు అక్కడే ఉంచాడు. "గీడు వాడే" అన్నాడు. ఇందాకటి గొంతు కాదు. ఫౌజీ సాబ్ లేచి వెళ్ళి కిటికీలోంచి రోడ్డు చూశాడు. రోడ్డు మీద ఏమీ లేదు, ఒక ఆటో ఆగి ఉంది.

తర్వాత ఫౌజీ సాబ్ వీపు. ఆయన వెనక్కి వచ్చి దగ్గర కూర్చున్నాడు, ఎడమ చెవి ఇటు పెట్టి. "నేనైతే నీట్‌గ ఉంటి" అన్నాడు.

"నీ బెల్ట్ ఎనుక మెలిక పడి ఉంటుండె."

"ఎప్పుడు?"

"రోజు."

"రోజా? గన్ని ఏండ్లు? చెప్పొచ్చు గదరా!"

"చెప్పిన. చప్పుడుల నీకు ఇనబడకపోయె."

ఇస్త్రీ కుర్తా మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో చూడండి. నా వైపు వంగి మెల్లగా అన్నాడు. "బేటీ, గది సాఫ్‌గ పెట్టు. వానికి కనబడదు."

"ఎట్లుంటే అట్లనే పెట్టాలన్నరు గద సాబ్" అన్నాను. వెనక్కి ఆనుకున్నాడు. బెల్ట్ మెలిక పడింది.

మూడో బొమ్మ ఆ పెద్దాయనదే. ఆయన బొటనవేలు ఆగిపోయింది. "నా ఈపు నాకేమెరుక? నా ఎనుక ఎవరు లేకుండె. ఇడిసెయ్ బిడ్డా, చదునుగనే ఉండని."

చాప మీద నుంచి ఆయన భార్య అంది. "నాకెరుక."

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె మందుల డబ్బా మూత పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. "లీవు అయిపొయ్యి పోతుంటే నేను గడపల నిలబడి సూసేది ఏందనుకున్నరు? మల్ల తిరిగి సూస్తడా అంటే సూడకపోతుండె. మూల మలిగేదాంక ఈపే." నా చేతిలోంచి బొమ్మ తీసుకుని, ఎడమ భుజాన్ని బొటనవేలితో కిందికి నొక్కింది. "సంచి గీ పక్క ఏసుకుంటుండె. గిట్ల వంగుతుండె."

ఫౌజీ సాబ్ అడ్డం వచ్చాడు. "తోప్ కాడ సంచి ఉండది భాభీ. గలత్ అయితది."

"బుజం ఉంటది గద?" అంది ఆమె.

పెద్దాయన ఆ బొమ్మను తీసుకుని భుజం తడిమి చూసుకున్నాడు. "గిట్ల వంగుతుంటినా?" అని భార్యను అడిగాడు. "ఇప్పుడు గూడ" అంది ఆమె.

అవి ఎండాక మేమే రంగు వేసి, చమ్కీ లేకుండా, వాళ్ళు ఊరికి వెళ్ళే ముందు ఇచ్చాం. దవాఖాన వాళ్ళు ఏదో సూది వేశారు గానీ, మిగిలిన ఆ కన్ను నిలవలేదు. ఆ సంగతి పెద్దాయన భార్యే ఫోన్ చేసి చెప్పింది. బొమ్మలను అల్మారాలో ఆయన చెయ్యి అందే ఎత్తులో పెట్టారట, ముఖాలు గోడకు, వీపులు ఇవతలకు. పొద్దున లేచి ముఖం కడుక్కోగానే అటు వెళ్తాడు, బొటనవేలితో ఒక్కొక్కరినీ పలకరించి వచ్చి చాయ్ అడుగుతాడు. ఫౌజీ సాబ్ వెళ్ళినప్పుడల్లా బొమ్మలను ముందుకు తిప్పుతాడట, వచ్చిన వాళ్ళకు తన ముఖం కనబడాలని, బెల్ట్ కనబడకూడదని. ఆయన బస్సు ఎక్కగానే ఆమె మళ్ళీ వెనక్కి తిప్పేస్తుంది.

"ఎవలు గెలుస్తున్నరు?" అని అడిగాను.

"ఆయన ఏడాదికి రెండుపార్లు వస్తడమ్మా. నేను రోజు ఉంట" అంది.

మీరు ఇంతసేపు ఓపికగా కూర్చున్నారు. మీ ఇంటి వాళ్ళందరూ చల్లగా ఉండాలి. మీ గడప దాటి వెళ్ళిన వాళ్ళు నవ్వు ముఖాలతో తిరిగి రావాలి. మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ వెచ్చగా ఉండాలి, మీ మాట వినే చెవి ఒకటి ఎప్పుడూ మీ ఇంట్లోనే ఉండాలి.